ఇరవై మూడో సంతకం

శ్రవణ్‌ను తీసుకుపోవడానికి పోలీసు జీపు పన్నెండున్నరకు వస్తుందని దివాకర్ చెప్పాడు. అప్పుడు గేటు గదిలోని గోడ గడియారం పది గంటల పది నిమిషాలు చూపిస్తోంది.

"గప్పటిదాంక మా ఫ్యాక్టరీ సూసి పో మేడం. ప్రతి గురువారం అందరికి సూపిస్తం. టికెట్ లేదు," అన్నాడు పళ్ళికిలిస్తూ.

దివాకర్, నేనూ ఒకే బ్యాచిలో ఎస్సై ట్రైనింగ్ చేశాం. తర్వాత ఇద్దరమూ ఉద్యోగం వదిలేశాం. అతను ఈ మయూర మోటార్స్‌లో సెక్యూరిటీ అధికారి అయ్యాడు. నేను జగిత్యాలలో ఒక మేడ మీది గదికి 'సింధూజ, ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు తగిలించాను. ట్రైనింగ్ రోజుల నుంచీ అతని పొడ నాకు గిట్టదు. నా పొడ అతనికీ గిట్టదు.

మయూర మోటార్స్ సిరిసిల్ల నుంచి చందుర్తి పోయే దారిలో ఉంది. కోటీశ్వరుల కోసం కార్లు చేస్తారు. లోపలి సీట్లకు సిరిసిల్ల సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నేసిన పట్టుబట్ట వాడతారు. పోయిన గురువారం పదకొండూ ఇరవై ఐదుకు, సీట్ల హాల్లో లిఫ్టు మీదున్న కారు కిందికి దిగిపోయింది. దాని కింద సీట్ల విభాగం పెద్ద అఖిల్ పడుకుని పని చేస్తున్నాడు. నేల మీదున్న పాత టైరుకు కారు ఆనుకోబట్టి ప్రాణం దక్కింది. ఏడు రోజులుగా కరీంనగర్ దవాఖానలో స్పృహ లేకుండా ఉన్నాడు.

లిఫ్టు నడిపేవాడు శ్రవణ్, ఇరవై ఆరేళ్లవాడు. అంతకు రెండు రోజుల ముందే అఖిల్ అతన్ని అందరి ముందూ తిట్టాడు. కక్షతో కారు దించాడని కంపెనీ ఫిర్యాదు. అతని తల్లి రాములవ్వ పొద్దున్నుంచీ గేటు బయట నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

ఈ కేసు నా దగ్గరికి తెచ్చింది మా బావ ముత్యం. మా అక్క గీత భర్త. షార్జాలో పద్దెనిమిదేళ్లు కార్లకు సీట్లు కుట్టి, రెండేళ్ల కింద తిరిగి వచ్చాడు. ఇప్పుడు కోరుట్లలో బస్సుల సీట్లు బాగుచేస్తున్నాడు. మా నాన్న పోయాక నన్ను చదివించింది బావే. నేను పోలీసు పరీక్ష రాస్తానంటే ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన ఒక్కడే షార్జా నుంచి ఫోన్ చేసి 'రాయి పిల్లా' అన్నాడు. అందుకే మొన్న ఆదివారం వచ్చి, "రాములవ్వది మన గల్లీనే సింధూ. పిలగాడు మంచోడు. నువ్వు రావాలె," అనగానే, ఇంకో మాట అడగకుండా ఒప్పుకున్నాను.

"నేను కార్ల కూసుంట. నువ్వు పోయి సూసి రా," అన్నాడు బావ గేటు దగ్గర.

"లిఫ్టు సంగతి నాకేం తెలుసు బావా? నువ్వు పక్కన ఉండి చెప్పాలె."

ఒక్క క్షణం ఆలోచించి దిగాడు.

గేటు కాపలా సాయిలు మా ఫోన్లు తీసుకుని సంచిలో వేశాడు. కొత్త మోడల్ ఫోటోలు బయటికి పోతాయని లోపల ఫోన్లు, కెమెరాలు నిషేధం. సీట్ల హాల్లో సీసీ కెమెరా కూడా లేదు. తర్వాత రిజిస్టర్ ముందుకు తోశాడు. "పేరు, ఊరు, టైం మీరే రాయుండ్రి."

బావ రాశాడు. నేను గోడ గడియారం చూసి 10:15 అని రాసి సంతకం పెట్టాను. ఇద్దరికీ తెల్ల కోటు, నీలం టోపీ, ముక్కుకు మాస్కు ఇచ్చారు. అవి వేసుకున్నాక నా పక్కన నిలబడింది బావో, ఫ్యాక్టరీ చూడడానికి మెట్‌పల్లి నుంచి వచ్చిన ఇంకో పెద్దమనిషో తెలియలేదు.

ఫ్యాక్టరీ చూపించే అమ్మాయి పేరు భాగ్య. చిలక పలుకుల్లా చెప్పుకుపోతోంది. ఒక్కో కారుకు నలభై రోజులు పడుతుందట. కారు లోపలి కప్పులో నక్షత్రాల్లాంటి దీపాలు పన్నెండు వందలట. తలుపు వేస్తే చప్పుడు రాకూడదని దానికే ఒక మనిషి ఉన్నాడట. నాకు ఇవేవీ అక్కర్లేదు. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగుతున్నామో మాత్రం గుర్తుపెట్టుకున్నాను.

సీట్ల దగ్గర ఎక్కువసేపు ఆగింది. "గీ అంచు మీద కుట్టు సూడండి. దీన్ని నెమలికంటి కుట్టు అంటం. మా అఖిల్ సార్ సొంతంగా కనిపెట్టిండు. ఇంకెక్కడ ఉండదు."

బావ ముందుకు వంగి ఆ కుట్టు మీద వేలు పెట్టాడు.

"ముట్టద్దు సార్," అంది భాగ్య.

వేలు తీశాడు. కళ్ళు మాత్రం ఆ కుట్టు మీదే ఉంచాడు. పనివాడికి మంచి పని కనబడితే అంతే అనుకున్నాను.

"పోయిన గురువారం కూడా నువ్వే తిప్పినవా?" అని అడిగాను భాగ్యను.

"అవ్ మేడం. చందుర్తి నుంచి బస్సుల అచ్చిండ్రు. ఇరవై రెండు మంది. పదకొండు ఇరవైకి అందరిని పక్క గదిల టీకి తీస్కపోయిన. ఇరవై రెండు కప్పులు, ఇరవై రెండు మంది. నేనే లెక్కవెట్టి ఇచ్చిన. గప్పుడే చప్పుడైంది."

"అయిపోయింది గద?" అన్నాడు దివాకర్ వెనక నుంచి. "వచ్చినోళ్ళంత టీ గదిల ఉన్నరు. హాల్ల ఉన్నది అఖిల్, శ్రవణ్. ఇంక డిటెక్టివ్ ఎందుకు మేడం?"

"నువ్వు ఇంత తొందరగా తేల్చినవు గద, అందుకే," అన్నాను.

సీట్ల హాలు చివరన ఉంది లిఫ్టు. రెండు ఇనుప స్తంభాలు, వాటికి చేతులు, పక్కన కిందికి దించే లివర్. కారు పైకి ఎత్తాక రెండు స్తంభాలకూ బొటనవేలంత లావు పిన్నులు దూరుస్తారు. అవి ఉన్నంతవరకు లివర్ నొక్కినా కారు దిగదు. ఈ మాత్రం బావే వివరంగా చెప్పాడు.

"ఆ రోజు పిన్నులు ఎక్కడ దొరికాయి?"

దివాకర్ తన ఆఫీసు ఫోన్‌లో ఫోటో చూపించాడు. పదకొండూ నలభైకి తీసిందట. పనిబల్ల మీద ఒక బట్ట ముక్క పరిచి ఉంది. దాని మీద రెండు పిన్నులూ పక్కపక్కన, తలలు ఒకే వైపు.

"వాడసలు పెట్టనే లేదు. బల్ల మీదనే ఉన్నయి," అన్నాడు దివాకర్.

"శ్రవణ్‌ను పిలువు."

అతన్ని తెచ్చారు. కళ్ళు వాచి ఉన్నాయి. నన్ను చూసి చేతులు జోడించబోతే వద్దన్నాను.

"పిన్నులు పెట్టినవా?"

"రెండు పెట్టిన మేడం. మా అవ్వ మీద ఒట్టు."

"తర్వాత ఎక్కడికి పోయినవు?"

"సీటు బట్ట తాను తెమ్మన్నడు అఖిల్ అన్న. స్టోర్ రూముకు పోయిన. పదకొండు ఇరవై దాటినంక పోయిన, చప్పుడైతే ఉరికచ్చిన. ఐదు నిమిషాలు గూడ కాలే."

"పిన్నులు తీస్తే ఎక్కడ పెడ్తవు నువ్వు?"

"జేబుల ఏస్కుంట."

ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "గిట్ల నేను పెట్ట. బట్ట పరిచి, తలకాయలు ఒక్కదిక్కు పెట్టుడు అఖిల్ అన్న అలవాటు. సూదైనా, స్పానరైనా గంతే. మమ్ముల గట్లనే పెట్టుమని తిడ్తడు. మొన్న తిట్టింది గూడ గందుకే."

బావ గొంతు సవరించుకున్నాడు. "అయితే అఖిలే తీసి ఉంటడు సింధూ. పిన్నులు తీసి, ఏదో సదురుదామని కిందికి పోయిండు. లివర్‌కు ఏదన్న తాకింది. గంతే. పిలగాని తప్పు లేదు."

వినడానికి బాగుంది. శ్రవణ్ బయటపడతాడు, ఎవరూ నేరస్తులు కారు, సాయంత్రానికల్లా నేను ఇల్లు చేరతాను. కానీ పిన్నులు తీసిన కారు కింద పడుకునే మూర్ఖుడు పెద్ద పనివాడు ఎట్లా అవుతాడు?

లివర్ దగ్గరికి పోయి నిలబడ్డాను. శ్రవణ్‌ను ఆ రోజు అఖిల్ ఎట్లా పడుకున్నాడో అట్లా చక్రాల పలక మీద పడుకొమ్మన్నాను. అతను లిఫ్టు మీద ఇప్పుడున్న ఇంకో కారు కిందికి జరిగాడు. మోకాళ్ళ నుంచి కాళ్ళు రెండూ బయటే ఉన్నాయి, నా చెప్పులకు జానెడు దూరంలో.

"ఇక్కడ నిలబడి లివర్ నొక్కినోడికి కింద మనిషి ఉన్నాడని తెలియకపోవడం అబద్ధం," అన్నాను.

దివాకర్ మొహం చిట్లించాడు. బావ అక్కడ లేడు. తల నొప్పిగా ఉందని కారు దగ్గరికి పోయాడట.

పదకొండున్నరకు మళ్ళీ గేటు గదికి వచ్చి పోయిన గురువారం రిజిస్టర్ పేజీ అడిగాను.

"దానికి అనుమతి లేదు," అన్నాడు దివాకర్.

రాములవ్వ అర్జీ మీద మేనేజ్‌మెంట్ నాకు రాసిచ్చిన కాయితం బల్ల మీద పెట్టాను. "చదువు. 'కోరిన రికార్డులన్నీ' అని ఉంది. చదవడం రాకపోతే సాయిలు చదువుతడు."

సాయిలు నవ్వు ఆపుకోలేక బయటికి చూశాడు. దివాకర్ పేజీ తీసి ఇచ్చాడు. నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

"ఎంతమంది అన్నవు దివాకర్?"

"ఇరవై రెండు."

"సంతకాలు ఇరవై మూడు."

అతను రిజిస్టర్ లాక్కున్నాడు. లెక్కపెడుతూ ఉంటే పెదవులు కదిలాయి. బస్సు మాట్లాడిన చందుర్తి మనిషికి అప్పటికప్పుడు ఫోన్ చేయించాను. ఒక్కొక్క పేరూ చదివాం. పదకొండో సంతకం దగ్గర అవతలి మనిషి ఆగాడు. 'గంగారాం, చందుర్తి.' ఆ పేరుగలవాడు ఎవరూ బస్సు ఎక్కలేదన్నాడు.

"అందరికీ టోపీలు, మాస్కులు. బస్సు వాళ్లతో కలిసి లోపలికి వచ్చిండు. టీ గదికి పోలేదు. మీరు కప్పులు లెక్కవెట్టుకుంట కూసున్నరు," అన్నాను.

దివాకర్ మళ్ళీ మొదటి సంతకం నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఏడేళ్లలో అతన్ని అలా చూడడం మొదటిసారి. సంతోషించాల్సిన సమయమే. కానీ అప్పటికే నా కన్ను ఆ సంతకం పక్కన రాసిన టైం మీద పడింది. 9:04.

"గేటు తొమ్మిదిన్నరకు గాని తియ్యం మేడం," అన్నాడు సాయిలు.

"గడియారం ఆగిపోయి ఉంటది," అన్నాడు దివాకర్.

పై సంతకం 10:33. కింది సంతకం 10:34. ఫోన్ సంచిలో పోయింది కాబట్టి మిగతావాళ్లంతా గోడ గడియారం చూశారు. ఇతను అలవాటు కొద్దీ తన చేతి గడియారం చూసుకున్నాడు. ఆగిన గడియారమైతే ఏ టైమైనా చూపించవచ్చు. ఇది సరిగ్గా గంటన్నర వెనక ఉంది.

దివాకర్‌ది వేరే జిల్లా. అతనికి ఆ గంటన్నర ఏమిటో తెలియదు. కోరుట్లలో పుట్టిన నాకు తెలుసు. దుబాయికీ, షార్జాకూ మనకూ ఉన్న తేడా అది. మా గల్లీలో సగం ఇళ్లలో రెండు గడియారాలు ఉంటాయి. కొడుకు డ్యూటీ దిగాడా, భర్త అన్నం తిన్నాడా అని రెండో దాన్ని చూసుకుంటారు. తిరిగి వచ్చినవాళ్లు కొందరు చేతి గడియారాన్ని అక్కడి టైం మీదే ఉంచేస్తారు.

అలాంటి గడియారాలు ఈ చుట్టుపక్కల వందల చేతులకు ఉంటాయి అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకుంటూనే పేజీలు ముందుకు తిప్పాను. ఈ రోజు పేజీ వచ్చింది.

'సింధూజ, జగిత్యాల, 10:15.' దానికి పై గీతలో, 'ముత్యం, కోరుట్ల, 8:44.'

అక్కా బావల కొడుకు అభినవ్ ఇప్పుడు షార్జాలో ఉన్నాడు. వాడి డ్యూటీ టైం తెలియాలని బావ గడియారం ఎన్నడూ మార్చలేదు. ఆ సంగతి మీద మేమంతా ఎన్నిసార్లు ఆటపట్టించామో లెక్కలేదు. రిజిస్టర్ మూసేశాను.

"ఏమన్న దొరికిందా?" అన్నాడు దివాకర్.

"ఏం లేదు," అన్నాను. ఈ వృత్తిలోకి వచ్చాక నేను దాచిన మొదటి నిజం అది. నాకే అసహ్యం వేసింది.

బావ షెడ్డు కింద కారులో కూర్చుని ఉన్నాడు. పక్క సీట్లో కూర్చుని తలుపు వేశాను.

"బావా, టైం ఎంతయింది?"

చేతి గడియారం చూశాడు. పెదవులతో ఏదో కలుపుకుని, "పన్నెండుకు ఐదు తక్కువ," అన్నాడు.

"అడిగితే కలిపి చెప్పినవు. రాసేటప్పుడు కలుపుడు మరిచినవు. రెండు గురువారాలు మరిచినవు."

ఆయన గడియారం మీద రెండో చెయ్యి కప్పాడు. ఎవరు గంగారాం, ఏ గురువారం అని అడుగుతాడని ఎదురుచూశాను. అడిగి ఉంటే బాగుండేది. అడగలేదు.

"నెమలికంటి కుట్టు నాది," అన్నాడు. "అఖిల్‌గాడు షార్జా అచ్చిననాడు సూది పట్టుడు రాదు. నా రూముల ఉన్నడు ఎనిమిదేండ్లు. నా పక్కన కూసుండబెట్టుకొని నేర్పిన. బట్ట పరిచి సామాను పెట్టుడు గూడ నేనే నేర్పిన. నిరుడు ఈ కంపెనీల పని అడుగుదామని అచ్చిన. బల్ల అవతల వాడే కూసున్నడు. 'ఈయన ఎవరో నాకు తెల్వది సార్, యాభై దాటినోళ్ళతోని గీ పని కాదు' అన్నడు. నా మొఖం సూసుకుంట అన్నడు సింధూ."

ఆ మాట ఆయనకు ఎంత నొప్పి పెట్టి ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే అప్పుడు నాకూ అదే నొప్పి పెడుతోంది.

"నాకు చెప్తే కాకపోవునా?"

"ఏమని చెప్పాలె? ఆ కుట్టు వాడు ఎట్ల సూపించుకుంటుండో ఒక్కసారి సూద్దామని అచ్చిన. భాగ్య పిల్ల చెప్తుంటే విన్న. అందరు టీకి పోయిండ్రు. వాడు కారు కింద ఉన్నడని నాకు తెల్వది. కారు పాడైతే సాలనుకున్న."

"కాళ్ళు కనపడ్తయి బావా. ఇందాక నేను అక్కడే నిలబడి చూసిన."

ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి చూశాడు. గేటు బయట రాములవ్వ ఇంకా నిలబడే ఉంది.

"ఆ పిలగాడు?" అన్నాను. "రాములవ్వ కొడుకు? వాడు నీకేం చేసిండు?"

"వాని కోసమే గద నిన్ను తెచ్చిన. అఖిల్‌దే తప్పని నువ్వు తేలుస్తవు. పిలగాడు ఇంటికి పోతడు. ఎవల్కి ఏం కాదు."

"నీ పేరు బయటికి తీస్తే?"

"నువ్వు తియ్యవు." చాలా నెమ్మదిగా అన్నాడు. "గందుకే నీ దగ్గరికచ్చిన."

అంతవరకు నేను తెలివైనదాన్నని నన్ను పిలిచాడనుకున్నాను. గర్వంగా కూడా ఉండింది. ఆయన పిలిచింది నా తెలివిని కాదు. నా నోరు మూయించడం తేలికని పిలిచాడు. నన్ను చదివించిన మనిషి, 'రాయి పిల్లా' అన్న మనిషి, నేను ఏమై ఉంటే తనకు పనికొస్తానో లెక్క చూసుకున్నాడు. గట్టిగా ఏడవాలనిపించింది. ఆయన ముందు ఏడవదలుచుకోలేదు.

"అక్కకు తెలుసా?"

"నిన్ను పిలుమన్నది అక్కనే."

నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయి ఆగింది.

"అక్క ఇంటి దగ్గర ఉందా?"

ఆయన మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. భుజం పట్టి ఊపాను.

"కరీంనగర్ పోయింది. పొద్దటి బస్సుకు. అఖిల్‌ను నిన్న మామూలు రూముకు మార్చిండ్రు. చెయ్యి కదిలిస్తుండట, ఇయ్యాల్ల కండ్లు తెరుస్తడని డాక్టర్ అన్నడట. వాని తల్లి నాగవ్వకు అక్క ఎర్కనే. నువ్వు పోయి బువ్వ తినిరా, నేను కూసుంటనని చెప్తనన్నది."

"ఎప్పుడు?"

"పన్నెండు దాటినంక."

"అక్కడ కూర్చుని ఏం చేస్తది బావా?"

"బతిమాలుతది. వాడు నన్ను సూసి ఉంటే నా పేరు చెప్పద్దని బతిమాలుతది. గంతే సింధూ. గంతే." రెండోసారి 'గంతే' అన్నప్పుడు ఆయనకే నమ్మకం లేదు.

మా అక్క జీవితంలో ఎవరినీ బతిమాలగా నేను చూడలేదు.

కారు దిగి గేటు గదికి పరిగెత్తాను. గోడ గడియారంలో పన్నెండూ పదహారు. సాయిలు సంచిలోంచి నా ఫోన్ తీసి ఇచ్చాడు. అక్కకు చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. ఈసారి రెండు రింగులకే కట్ చేసింది. మూడోసారి స్విచాఫ్.

చెప్పిన టైముకన్నా ముందే జీపు లోపలికి వచ్చింది. శ్రవణ్‌ను రెండు రెక్కలూ పట్టుకుని బయటికి తెస్తున్నారు. రాములవ్వ గేటు ఊచలు పట్టుకుని, "ఓ సింధమ్మా, జెర సూడు బిడ్డా," అని అరుస్తోంది. దివాకర్ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. షెడ్డు కింద కారులోంచి బావ నన్నే చూస్తున్నాడు.

దివాకర్ దగ్గరికి పోయి చొక్కా చెయ్యి పట్టుకున్నాను.

"కరీంనగర్ దవాఖానకు ఫోన్ చెయ్. అఖిల్ రూముల ఉన్న ఆడమనిషిని బయటికి గుంజుమను. ఇప్పుడే."

"ఎవరామె?"

"ఆమె పేరు గీత. గంగారాం అని సంతకం పెట్టిన మనిషి నా కారుల కూసున్నడు, పేరు ముత్యం. ఆమె అతని భార్య." అతని చొక్కా చెయ్యి వదిలేశాను. "మా అక్క."

దివాకర్ నా మొహంలోకి చూశాడు. వెక్కిరింపు మాట ఒక్కటీ అనలేదు. నంబరు నొక్కి ఫోన్ ఇద్దరికీ వినబడేలా పెట్టాడు. అవతల వార్డులో ఫోను మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.